టెక్ సందేహాలు: ఫెరైట్ లోపల అసలు ఎంత క్షేత్రం ఉంది?

ప్రశ్న: సార్, చెన్నై గిండీలో ఎం.టెక్ చేస్తున్నాను. ప్రాజెక్టు కోసం వై-జంక్షన్ సర్క్యులేటర్ (మైక్రోవేవ్ సంకేతాన్ని మూడు పోర్టుల మధ్య ఒకే దిశలో తిప్పే పరికరం) తయారుచేశాను. మధ్యలో వైఐజీ (ఇట్రియం ఐరన్ గార్నెట్ అనే ఫెరైట్ పదార్థం) గార్నెట్ డిస్క్, పైనా కిందా అయస్కాంతాలు. డిస్క్ పెట్టకముందు గ్యాప్‌లో గాస్‌మీటర్ 2500 గాస్ చూపించింది. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో బయాస్ (డిస్క్‌కు ఇచ్చే స్థిర అయస్కాంత క్షేత్రం)గా అదే ఇచ్చాను. సిమ్యులేషన్ ఫలితానికీ బోర్డు మీద కొలిచినదానికీ పొంతన లేదు. మెష్ (లెక్క కోసం మోడల్‌ను విడగొట్టే చిన్న ముక్కలు) ఎంత పెంచినా అంతే. రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: మెష్ జోలికి ఇక వెళ్లకండి. మీరు కొలిచింది ఖాళీ గ్యాప్‌లోని క్షేత్రం. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్ అడిగేది ఫెరైట్ లోపల మిగిలే నికర క్షేత్రం. డిస్క్ అయస్కాంతంగా మారగానే దాని రెండు ముఖాల మీదా ధ్రువాలు ఏర్పడి, బయటి క్షేత్రాన్ని లోపల కొంత తినేస్తాయి. దీన్నే డీమాగ్నటైజేషన్ అంటారు. డిస్క్ ఎంత పల్చగా ఉంటే నష్టం అంత ఎక్కువ.

లెక్క చూడండి. వైఐజీ సంతృప్త అయస్కాంతీకరణ సుమారు 1780 గాస్. మందానికి పది రెట్లు వ్యాసం ఉన్న డిస్క్‌కు డీమాగ్నటైజేషన్ గుణకం సగటున 0.8 వరకు ఉంటుంది. రెండూ గుణిస్తే 1424. అది 2500లో పోగా మిగిలేది 1076 ఓర్‌స్టెడ్ (గాలిలో గాస్, ఓర్‌స్టెడ్ అంకె ఒకటే). ఆ క్షేత్రానికి సరిపోయే అయస్కాంత అనునాద ఫ్రీక్వెన్సీ చూస్తే, ఓర్‌స్టెడ్‌కు 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున, 2500కి 7 గిగాహెర్ట్జ్ వస్తుంది, 1076కి 3 మాత్రమే. భౌతిక శాస్త్రవేత్త డిర్క్ పోల్డర్ 1949లో చెప్పిన టెన్సర్ (ఫెరైట్ మైక్రోవేవ్ క్షేత్రానికి ఎలా స్పందిస్తుందో చెప్పే పట్టిక)లోకి వెళ్లే క్షేత్రం ఇదే కాబట్టి, ఇది తప్పితే మిగతాదంతా తప్పుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆంపియర్/మీటరు ప్రమాణం ఉంటే 79.6తో గుణించి ఇవ్వండి.

అయితే ఈ 1076ని కూడా నమ్ముకోవద్దు. 0.8 అనేది గాలిలో ఒంటరిగా ఉన్న డిస్క్‌కు వర్తించే సగటు. పక్కన స్టీల్ ఉంటే మారుతుంది. పైగా పల్చటి డిస్క్ మధ్యలో గుణకం ఒకటికి దగ్గరగా ఉండి, అంచుకు వచ్చేసరికి సగానికి పడిపోతుంది. అంటే డిస్క్ అంతటికీ ఒకే బయాస్ ఇవ్వడమే సరికాదు. సూత్రాలతో తేలదు, కంప్యూటర్‌తో పరిష్కరించాల్సిందే.

దానికి ఖరీదైన లైసెన్సు అక్కర్లేదు. డేవిడ్ మీకర్ రాసిన ఎఫ్‌ఈఎంఎం అనే అయస్కాంత క్షేత్రాల సాఫ్ట్‌వేర్ ఉచితం. మీ అమరిక గుండ్రంగా ఉంటే అక్షసౌష్ఠవ మోడ్‌లో సగం కోత గీస్తే చాలు. రాగి వై-కండక్టర్‌ను గీయకపోయినా పర్వాలేదు, స్థిర క్షేత్రానికి రాగీ గాలీ ఒకటే. స్టీల్ కవర్‌కు మాత్రం బీహెచ్ కర్వ్ (క్షేత్రం పెరిగేకొద్దీ పదార్థం ఎంత అయస్కాంతమవుతుందో చూపే గీత) తప్పకుండా ఇవ్వండి. పల్చటి రేకు ఇట్టే సంతృప్తమవుతుంది, దానికి స్థిరమైన పర్మియబిలిటీ ఇచ్చారంటే క్షేత్రం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఫెరైట్‌కు కూడా కర్వ్ ఇవ్వాలి. చుట్టూ ఓపెన్ బౌండరీ పెట్టండి.

తర్వాత డిస్క్ మధ్య మందంలో, కేంద్రం నుంచి అంచు దాకా హెచ్ (అయస్కాంత క్షేత్రం) విలువలు తీయండి. హెచ్‌ఎఫ్‌ఎస్‌ఎస్‌లో డిస్క్‌ను నాలుగైదు వలయాలుగా కోసి, ఏ వలయానికి దాని బయాస్ ఇవ్వండి. మీ కాలేజీలో మాక్స్‌వెల్ 3డీ సాఫ్ట్‌వేర్ ఉంటే నేరుగా లింక్ చేయొచ్చు. మైక్రోవేవ్ క్షేత్రం స్థిర క్షేత్రం ముందు చాలా చిన్నది కాబట్టే ఇలా రెండు దశలుగా విడదీయడం కుదురుతోంది. పవర్ బాగా పెరిగితే ఈ వెసులుబాటు ఉండదు.

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో అయస్కాంతాలు కొన్నాను. గాస్‌మీటర్ బదులు ఫోన్ యాప్‌తో కొలవొచ్చా?

జవాబు: కుదరదండి. ఫోన్‌లో ఉండేది దిక్సూచి సెన్సర్. సాధారణంగా 50 గాస్ దగ్గరే దాని పరిధి అయిపోతుంది. మీకు కావాల్సింది వేలల్లో. కెమెరా స్టెబిలైజేషన్ కూడా దెబ్బతినొచ్చు, అయస్కాంతాలను ఫోన్‌కు దూరంగా ఉంచండి. గ్యాప్‌లో దూరేంత పల్చటి ప్రోబ్ ఉన్న హాల్ గాస్‌మీటర్ కొనండి.

ప్రశ్న: అంబత్తూరులో పని చేస్తున్నాను. మా ఐసొలేటర్ (సంకేతాన్ని ఒకే దిశలో వెళ్లనిచ్చే పరికరం) ల్యాబ్‌లో బాగుంది. మే నెల ఎండలో మేడ మీద పెడితే ఫ్రీక్వెన్సీ జరిగిపోతోంది. ఫెరైట్ అయస్కాంతం తీసేసి సమేరియం కోబాల్ట్ వేయమంటున్నారు. వేయొచ్చా?

జవాబు: తొందరపడకండి. ఫెరైట్ అయస్కాంతం (బయాస్ ఇచ్చేది, మధ్యలోని గార్నెట్ డిస్క్ కాదు) డిగ్రీకి 0.2 శాతం బలం కోల్పోతుంది. సమేరియం కోబాల్ట్ 0.04 శాతమే. రెండోదే మేలనిపిస్తుంది. కానీ వేడికి గార్నెట్ అయస్కాంతీకరణ కూడా తగ్గుతుంది, దానితోపాటు డీమాగ్నటైజేషనూ తగ్గుతుంది. పై లెక్కనే 50 డిగ్రీలు పెంచి చూద్దాం. గార్నెట్ అయస్కాంతీకరణ 10 శాతం తగ్గిందనుకుంటే, ఫెరైట్ అయస్కాంతంతో లోపలి క్షేత్రం 1076 నుంచి సుమారు 970కి దిగుతుంది, సమేరియం కోబాల్ట్‌తో 1170కి ఎక్కుతుంది. ఖరీదు పెట్టినా ఫ్రీక్వెన్సీ జరగడం ఆగదు, దిక్కు మాత్రం మారుతుంది. అయస్కాంతం మార్చేముందు గాడోలినియం కలిపిన గార్నెట్‌లు చూడండి, వాటి అయస్కాంతీకరణ వేడికి అంతగా మారదు. ఏది ఎంచుకున్నా 25, 50, 75 డిగ్రీల దగ్గర అయస్కాంతం, గార్నెట్ రెండింటి విలువలూ మార్చి ఎఫ్‌ఈఎంఎం విడివిడిగా నడిపించాకే ఆర్డర్ ఇవ్వండి.