మంచం కింద నవ్వు తర్వాత

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. తెలుగు ఉపాధ్యాయురాలిని. పెళ్లయిన ఈ 17 ఏళ్లలో ఆయనకు ఎదురుచెప్పి ఎరగను. తోటి ఉద్యోగినితో ఆయనకు సంబంధం ఉందని నాలుగు నెలల క్రితం తెలిసింది. ఒప్పుకున్నారు, మానేశానంటున్నారు. కానీ నేనే నేనుగా లేను. ఆయన నిద్రలో ఉండగా వేలు పట్టి ఫోను తెరుస్తున్నాను. మొన్న కావాలనే బాక్సులో ఉప్పులేని పప్పు పెట్టాను. పదో తరగతి చదివే పాపను కొట్టాను. పిల్లలకు ‘దిద్దుబాటు’ కథ చెబుతుంటే గొంతు పెగలలేదు. నేను చెడ్డదాన్నయిపోయానా?

జవాబు: లేదమ్మా. ఉప్పులేని పప్పు సంగతి కూడా దాచకుండా రాసిన మనిషి చెడ్డదెలా అవుతుంది?

ఆ కథ దగ్గర మీ గొంతు ఎందుకు ఆగిందో నాకు అర్థమైంది. 1910లో గురజాడ రాసిన కథ అది. సానిపాట చూసి, రాత్రి ఒంటిగంట దాటాక ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు, వెళ్లిపోతున్నానని ఆమె రాసిన ఉత్తరం కనిపిస్తుంది. కుమిలిపోతాడు. అంతలో మంచం కింద నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు. కథ అక్కడితో అయిపోయింది. మర్నాడు రాత్రి అతను కాస్త ఆలస్యం చేస్తే కమలినికి నిద్ర పట్టిందా? కథకు ఆ పని లేదు. మీరున్నది ఆ మర్నాటి రాత్రిలో.

ఇన్నేళ్లూ ఆయన మాటను తరచి చూడాల్సిన అవసరం మీకు రాలేదు. ఆ నమ్మకమే దెబ్బతింది కాబట్టి మనసు ఇప్పుడు రాత్రంతా కాపలా కాస్తోంది. అది సహజం. కానీ చీకట్లో ఫోను తెరిస్తే దొరికేదేమిటి? ఏమీ కనిపించకపోతే చెరిపేశారేమోనన్న అనుమానం, కనిపిస్తే తెల్లవారేదాకా ఒంటరిగా ఏడుపు. ఆ పని మానండి. ఫోను ఆయనే పట్టపగలు మీ చేతికివ్వాలి. మీరు అడిగినదానికి, అడిగిన ప్రతిసారీ, విసుక్కోకుండా జవాబు చెప్పాలి. ‘మానేశాను’ అన్న ఒక్క మాటతో ఆయన పని తీరిపోలేదు.

ఇబ్బందిగా ఉన్నా ఇంకొకటి చెప్పాలి. ఇద్దరూ సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (సలహా, పరీక్షల) కేంద్రాల్లో హెచ్ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

విడిపోవడమా, కలిసి ఉండడమా అన్నది ఈ నిద్రలేని కళ్లతో తేల్చకండి. వ్యభిచారం విడాకులకు కారణమని 1955 నాటి హిందూ వివాహ చట్టంలో ఉంది, ఆ దారి ఎక్కడికీ పోదు. ముందు నిద్ర. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

పాప విషయం మాత్రం ఈ రోజే. నాన్న సంగతి ఆమెకు చెప్పనక్కర్లేదు. పక్కన కూర్చుని, ‘నిన్ను కొట్టడం నాదే తప్పు. నా మనసు బాగాలేదు, దానికి కారణం నువ్వు కాదు’ అనండి. ఇంట్లో ఏదో జరుగుతోందని ఆ వయసు పిల్లలకు తెలుస్తూనే ఉంటుంది. ఎవరూ చెప్పకపోతే తప్పు తమదేననుకుంటారు.

ఇక ఆ బాక్సు. ఉప్పు మానేయడం ఎందుకమ్మా, ‘ఇవాళ నాకు వండాలని లేదు’ అని నోటితోనే చెప్పండి. ఈ 17 ఏళ్లలో ఆ మాట ఒక్కసారైనా అన్నారా?