మామూలు లేజర్ వేసినా పంటి గార ఊడదు

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. మాది కావలి. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కింది ముందు పళ్లు కొద్దిగా కదులుతున్నాయి. కోత లేకుండా లేజర్‌తో ఒక్క సిట్టింగులో నయం చేస్తామంటున్నారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. పన్ను కదిలేది దాన్ని పట్టుకున్న ఎముక కరిగినందువల్ల. కింది ముందు పళ్ల వెనక గార గోడ కట్టినట్టు పేరుకుని వాటిని కలిపి ఉంచుతుంది. అది తీసేయగానే అంతవరకూ దాగిన కదలిక, సందులు బయటపడతాయి. క్లీనింగ్ తెచ్చిపెట్టిన నష్టం కాదది.

క్లినిక్కుల్లో ఎక్కువగా ఉండేది డయోడ్ లేజర్. సన్నటి ఫైబరును పన్నుకీ చిగురుకీ మధ్య సందులోకి దించితే సూక్ష్మజీవులు తగ్గుతాయి, వాచిన కణజాలం కొంత పోతుంది. వేరుకు రాయిలా అంటుకున్న గార మాత్రం అలాగే ఉంటుంది. పైపెచ్చు ఫైబరును కదపకుండా ఒకేచోట ఉంచితే వేడికి వేరు, ఎముక దెబ్బతింటాయి. ఎముకకు 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ప్రమాదమే. ఎర్బియం లేజర్ గారను తీయగలదు కానీ ఆ యంత్రం ఖరీదు, కొద్దిచోట్లే ఉంటుంది.

ఇంకో పద్ధతిలో సందులో మిథిలీన్ బ్లూ లాంటి రంగుమందు నింపి, కొద్ది నిమిషాలాగి ఎర్రటి కాంతి వేస్తారు. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ సూక్ష్మజీవుల్ని చంపుతుంది. ఇదీ గార తీశాక చేసేదే. చిగురు కింద వేరు దాకా చేసే డీప్ క్లీనింగ్‌కి తోడుగా ఈ రెండూ వాడమని 2020 నాటి యూరప్ చిగుళ్ల వైద్యుల మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. కాబట్టి లేజర్ ఒక్కదానికే డబ్బు పెట్టొద్దనే చెబుతాను.

చిగుళ్ల స్పెషలిస్టు దగ్గర ప్రతి పంటికీ ఆరు చోట్ల సందు లోతు కొలిపించుకోండి. 3 మిల్లీమీటర్ల వరకు ఫర్వాలేదు. 4, ఆపైన ఉండి రక్తం కారితే చిగురుకు మత్తు ఇచ్చి రెండు నుంచి నాలుగు సిట్టింగుల్లో పంటి వేళ్లు శుభ్రం చేయాలి. తర్వాత కొన్ని వారాలు చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటాయి. 6 నుంచి 12 వారాలకు మళ్లీ కొలిచి, ఇంకా 6 మిల్లీమీటర్లు, ఆపైన ఉండే చోట ఫ్లాప్ ఆపరేషన్ (చిగురును తెరిచి వేరు శుభ్రం చేయడం) అవసరమా అని చూస్తారు.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బిఎ1సి పరీక్ష ముందే చేయించండి. షుగర్ అదుపులో లేకపోతే ఏ చికిత్స చేసినా చిగురు సరిగా మానదు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. బీడీ, సిగరెట్, గుట్కా ఉంటే మానేయాలి. పొగ తాగేవారికి రక్తం తక్కువ కారుతుంది గనక జబ్బు తెలియకుండానే ముదురుతుంది. పళ్ల మధ్య సందులకు రోజూ ఇంటర్‌డెంటల్ బ్రష్ (సందుల్లో దూరే చిన్న బ్రష్) వాడండి, మూడు నెలలకోసారి చూపించుకోండి. చిగురు ఉబ్బి చీము, జ్వరం వస్తే మాత్రం అదే రోజు వెళ్లాలి.