బుల్లెట్ కుడి పక్క టకటక

ప్రశ్న: అన్నా, నాన్నగారి 1986 బుల్లెట్ 350ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. కుడి వైపు టైమింగ్ కవర్ దగ్గర టకటక మోగుతోంది. మునుపటిలా లాగడం లేదు కూడా. క్యాములు, టైమింగ్ గేర్లు సెట్టు మొత్తం మార్చేద్దాం అంటున్నారు మెకానిక్. అంత ఖర్చు పెట్టాలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తమ్ముడూ, సెట్టుకి ఇప్పుడే డబ్బు కట్టకు. వాల్వుల్ని తెరిచే ముక్కున్న చక్రాలే క్యాములు, వాటిని ఇంజిన్‌తో కలిపి తిప్పేవి టైమింగ్ గేర్లు. ముందు సిలిండర్ అడుగున కుడి పక్కనున్న చిన్న మూత తీయించు, ఒక్క నట్టే ఉంటుంది. లోపల రెండు పుష్ రాడ్లు, అంటే క్యామ్ కదలికని పైనున్న వాల్వులకి చేర్చే కడ్డీలు, కనిపిస్తాయి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉండాలి, పిస్టన్ కంప్రెషన్‌లో, అంటే రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు, పైకి వచ్చి ఆగాలి. అప్పుడు ఒక్కో రాడ్‌ని రెండు వేళ్లతో తిప్పి చూడు. సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఆడుతుంటే అక్కడే అడ్జస్ట్ చేయించు. ఆటోనగర్‌లో నా దగ్గరికి ఇదే ఫిర్యాదుతో వచ్చే పాత బుల్లెట్లలో చాలావాటికి జబ్బు ఇదే.

సరిచేసిన కొద్ది రోజులకే మళ్లీ లూజైతే క్యామ్‌ని అనుమానించాలి. ప్లగ్గు తీసి, కిక్ నెమ్మదిగా తొక్కుతూ రాడ్లు ఎంత లేస్తున్నాయో చూడండి. ఒకటి బాగా తక్కువ లేస్తుంటే ఆ క్యామ్ ముక్కు అరిగినట్టే. వాల్వ్ పూర్తిగా తెరుచుకోదు, అందుకే బండి లాగదు. క్యామ్‌కి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. ఆ పొర పోయిందంటే లోపలి మెత్తటి ఇనుము చాలా త్వరగా అరిగిపోతుంది. క్యామ్ మారిస్తే దాని మీద ఆని పుష్ రాడ్‌ని ఎత్తే టాపెట్ కూడా మార్చాల్సిందే. అరిగిన టాపెట్ కొత్త క్యామ్‌ని కూడా తినేస్తుంది. ఈ ఒక్కచోట పొదుపు చేయొద్దు.

గేర్ల సంగతి ఆయిల్ చెబుతుంది. తీసిన ఆయిల్‌ని తెల్ల గుడ్డలో వడకట్టి, మిగిలిన నలుసుల మీద అయస్కాంతం ఆడించండి. ఇనుప పెచ్చులు అంటుకుంటే పన్ను విరిగి ఉండొచ్చు. ఇక స్టార్ట్ చేయకుండా కవర్ విప్పించు. పెచ్చులేమీ లేకపోతే, పళ్లన్నీ బాగుంటే ఆ గేర్లు ఉండనివ్వండి.

విప్పాల్సి వస్తే పక్కనే నిలబడు. పినియన్, అంటే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివరనున్న చిన్న గేర్, మీద ఆయిల్ పంపుని తిప్పే మర ఉన్న నట్టుది ఎడమ మర, అంటే గడియారం ముల్లు దిశలో తిప్పితే వదులవుతుంది. మామూలు నట్టనుకొని బలంగా తిప్పితే ఇంకా బిగుస్తుంది, మర పాడవుతుంది. గేర్లు తీసేముందే వాటి మీది గుర్తులు ఫోన్‌లో ఫొటో తీసుకో. బిగించేటప్పుడు చుక్కకి చుక్క, గీతకి గీత కలవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వులు వేళ తప్పి తెరుచుకుంటాయి. ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు రావాలో నిర్ణయించే పాయింట్ల టైమింగ్ కూడా మళ్లీ పెట్టించాలి. కవర్ లోపల క్రాంక్ చివర చిన్న కార్క్ సీల్ ఉంటుంది. చవకదే, అయినా చాలామంది పాతదే పెట్టేస్తారు. అది లీకైతే బిగ్ ఎండ్‌కి, అంటే కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌తో కలిసే బేరింగ్‌కి, చేరాల్సిన ఆయిల్ చేరదు. కొత్తదే వేయించు.

20డబ్ల్యూ50 ఆయిల్ పోయించి స్టార్ట్ చేశాక, హెడ్ (సిలిండర్ పై భాగం) దగ్గర ఆయిల్ పైపు బోల్టు కొంచెం లూజ్ చేసి చూడండి, ఆయిల్ ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేయండి. కొత్త క్యామ్ వేసి ఉంటే మొదటి 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్పించు. ఆ ఆయిల్‌ని కూడా గుడ్డలో వడకట్టి చూడు.