రోజువారీ సంగతుల్లో విశ్వాస పాఠం ఎలా వెతకాలి?

బెంగళూరులో తెలుగు ప్రార్థన కూటంలో రోజువారీ సంగతి నుంచి మూడు నిమిషాల పాఠం చెప్పమన్నారా? ముందు బైబిలు వాక్యం, తర్వాతే సంఘటన. తిరగేస్తే చిక్కు. ఉద్యోగం రాగానే, మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 అతికించేస్తాం. నిజానికది సొంత ఊరికి దూరంగా బబులోను చెరలో ఉన్న యూదులకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే అందుకు 70 ఏళ్లు ఆగాలన్న మాట ఉంది (వాగ్దాన కార్డుల మీద అది ఎందుకో కనబడదు). అధ్యాయమంతా చదవండి. 7వ వచనం, వెళ్లి చేరిన ఊరి క్షేమం కోరమంటుంది. ఇప్పుడు మీ చెత్తబుట్ట చూడండి. తడి చెత్తలో డైపర్ కలిపి పడేస్తే పౌరకార్మికురాలు (ఊరి పారిశుద్ధ్య కార్మికురాలు) చేత్తో ఏరాలి. "మన ఊరు కాదుగా" అనే మనసు అక్కడ దొరికిపోతుంది. ఒక సంఘటనకు ఒక్క పాఠమే. పక్కింటివాళ్ల కష్టాన్ని మాత్రం ఉదాహరణగా వాడొద్దు, వాళ్లూ ఆ కూటంలోనే కూర్చుని ఉండొచ్చు.