ఇల్లు ఖాళీ చెయ్యమంటే... పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది చెన్నైలో కూవం ఒడ్డు బస్తీ. అమ్మానాన్నల కాలం నుంచీ పారిశుద్ధ్య పనే మా బతుకుదెరువు. ఈమధ్య ఎవరో వచ్చి ఇంటింటి లెక్క రాసుకుని, గోడల మీద నంబర్లు వేసి వెళ్ళారు. నగరం చివర ఉన్న పునరావాస కాలనీ పెరుంబాక్కంకి పంపిస్తారట. ఇళ్ళ హక్కుల సంస్థ ఒకటి మా కాగితాలు చూస్తామంటోంది. చూపించవచ్చా? వాళ్ళ వల్ల ఏమైనా అవుతుందా?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: చూపించండమ్మా. ఇవ్వాల్సింది మాత్రం జిరాక్సులే. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, ఎంత మంచివాళ్ళయినా సరే.

బదులు ఇల్లు ఎవరికొస్తుందో చాలామటుకు ఆ లెక్క రాసిన రోజే తేలిపోతుంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళినవాళ్ళ ఇంటికి తాళం ఉంటే ‘డోర్ లాక్’ అని రాసుకుని పోతారు. పెళ్ళయిన కొడుకు అదే గుడిసెలో ఉంటే రెండు కాపురాలూ ఒకే కుటుంబంగా ఎక్కుతాయి. అందుకే మంచి సంస్థ సర్కారు లెక్కతో పాటు తానూ ఇంటింటికీ తిరిగి సొంత జాబితా రాసుకుంటుంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఇళ్ళు కేటాయించే సర్కారు బోర్డు జాబితా తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. జవాబుకు 30 రోజుల గడువుంటుంది కాబట్టి దరఖాస్తు ఇప్పుడే పడాలి.

మన తెలుగువాళ్ళకు పేర్ల చిక్కు ఒకటి అదనం. నెల్లూరులో తీసిన ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది. చెన్నై రేషన్ కార్డులో తండ్రి పేరో భర్త పేరో ఒక్క అక్షరంగా మారి ఇనిషియల్ అవుతుంది. కాగితాల మీద ఒకే మనిషి ఇద్దరిలా కనిపిస్తే అలాట్‌మెంట్ ఆర్డరు ఆగిపోతుంది. మీ ఇంట్లో అందరి కార్డులూ ఈ రాత్రే పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఇ-సేవై కేంద్రంలో ముందే సరిచేయించుకోండి.

నోటీసు వస్తే ఏ చట్టం కింద వచ్చిందో మొదట చూడాలి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టంలో 7వ సెక్షన్ నోటీసు అంటే మీ సంజాయిషీ అడుగుతున్నారని. 6వ సెక్షన్ అంటే ఖాళీ చెయ్యమని ఉత్తర్వు. మొదటిదానికి జవాబివ్వకుండా ఊరుకుంటే రెండోదాన్ని ఆపడం కష్టం. 15 రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు వాట్సాప్‌లో తిరుగుతోంది. అయితే రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైల్వే లైన్ల పక్క, నదుల ఒడ్డున ఉన్న కట్టడాలకు అది వర్తించదని అందులోనే ఉంది. దాన్నే నమ్ముకుని కూర్చోకండి. ఆదాయం ఎంతున్నా మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చెయ్యండి.

తరలించడం తప్పనిసరైతే, చదువుల మధ్యలో వద్దని ఇప్పటినుంచే పట్టుబట్టాలి. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అలాట్‌మెంట్ ఆర్డరు చేతికి రాకముందు సామాను లారీ ఎక్కించకండి.

ప్రశ్న: ఇళ్ళు కట్టించకుండా కోర్టులు, ధర్నాలు అంటూ తిరిగే సంస్థలకు విరాళమివ్వడం దండగ కాదా?
– ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: కాదు. ఇళ్ళ కొరతే సమస్య అనుకుంటే, బస్తీల వాళ్ళను తరలించిన కణ్ణగి నగర్ చూడండి. 2000 నుంచి అక్కడ వేల ఇళ్ళు లేచాయి. అవి పని దొరికే చోటికి దాదాపు 20 కిలోమీటర్ల దూరం. ఇంటిపని చేసే ఆడవాళ్ళు బస్సు చార్జీలకే కూలి పోతోందని మానేశారు. ఆ దూరాన్ని తగ్గించే శక్తి ఏ విరాళానికీ లేదు, విధానానికే ఉంది. తమిళనాడు మురికివాడల చట్టం 1971లో వచ్చింది. ఆ ఏడాది 1,202 బస్తీలనూ, 1985లో మరో 17నూ మురికివాడలుగా ప్రకటించి, తర్వాత దశాబ్దాలపాటు ఆపేశారు. ప్రకటించని బస్తీకి ఆ చట్టం రక్షణ అందదు. దాని కోసం అడిగేదెవరు? 2021లో పునరావాస విధానం ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు రాసిందీ ఇలాంటి సంస్థలే. ఒక్కో ఇంటి కేసులో పోగైన కాగితాలే అక్కడ సాక్ష్యం. కోర్టు ఒక్కటే చాలదన్నదీ నిజమే. ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పింది, అయినా ముంబై ఫుట్‌పాత్‌వాసుల తొలగింపును ఆపలేదు.

విరాళమిచ్చే ముందు ఒక మాట అడగండి: తరలించాక కూడా ఆ కుటుంబాల దగ్గరికి వెళ్తున్నారా? వెళ్ళని సంస్థకు ఇవ్వకండి.

ప్రశ్న: మా పెద్దమ్మ ఎగ్మోర్ ఫుట్‌పాత్ మీద పడుకుంటుంది. చిరునామా లేకుండా ఓటరు కార్డు వస్తుందా?

జవాబు: వస్తుంది. ఫారం 6 నింపితే చాలు, చిరునామా రుజువు అక్కర్లేదు. ఆమె నిజంగా అక్కడే పడుకుంటోందో లేదో బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట వచ్చి చూస్తారు. ఒక్క రాత్రితో సరిపెట్టరు కాబట్టి, దరఖాస్తు ఇచ్చాక ఆ పరిశీలన అయ్యేదాకా చోటు మార్చవద్దని ఆమెకు చెప్పండి.