క్లోవర్ పసుపెక్కితే మందు కొట్టకండి, వేరు తవ్వి చూడండి

ప్రశ్న: అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఏథెన్స్‌కు దగ్గరలో వేట కోసం 22 ఎకరాల పైన్ అడవి కొన్నాను. జింకల మేతకని ఎకరం చదును చేసి, అక్టోబరు చివర్లో ఓట్స్, క్లోవర్ (పప్పుజాతి పచ్చిమేత మొక్క) మిశ్రమం చల్లాను. క్లోవర్ రెండంగుళాల దగ్గర ఆగిపోయి పసుపెక్కింది. తెగులనుకుని రెండుసార్లు మందు కొట్టాను. జింకలు రావడం లేదు. దుకాణంలో వేరే మిశ్రమం, ఆకర్షణ పొడి వాడమంటున్నారు. వేసవికి లాబ్‌లాబ్ గింజలు కూడా ఇచ్చారు. ఫోటోలు, గింజల, మందు ధరలు పంపుతున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఇక్కడి రైతులు దుప్పులు చేలో పడకుండా ఉపాయం చెప్పమంటారు, మీరు పడేలా చెప్పమంటున్నారు. అక్కడ వేట చట్టబద్ధం కాబట్టి జవాబిస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణ పాఠకులు దీన్ని ప్రయత్నించకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు వెళతారు.

మీ ఫోటోల్లో ఒక్క ఆకు మీదా మచ్చ లేదు. అది తెగులు కాదు, రెండు పిచికారీలూ దండగ. జింకలు రావడం లేదన్నదీ తప్పే. ఓట్స్ ఆకుల కొసలు చూడండి, నలిగి పీచులుగా ఉన్నాయి. మేకకు లాగే జింకకూ పై దవడకు ముందు పళ్ళుండవు, పట్టి లాగి తెంపుతుంది. కుందేలు కొరికితే కత్తిరించినట్టు ఉంటుంది. అనుమానముంటే నాలుగడుగుల ఎత్తు ఇనుప వలను మూడడుగుల వెడల్పు చుట్టగా చేసి పాతండి. రెండు మూడు వారాల్లో వల లోపలి ఓట్స్‌కూ బయటి ఓట్స్‌కూ తేడా తెలుస్తుంది.

అసలు జబ్బు నేలది. పైన్ చెట్లు కొట్టిన ఆ ఎర్రనేల ఉదజని సూచిక (pH, తగ్గేకొద్దీ నేలలో ఆమ్లం ఎక్కువని అర్థం) 5 దగ్గర ఉన్నా ఆశ్చర్యపోను. క్లోవర్‌కు 6.0 నుంచి 6.5 కావాలి. ఒక మొక్కను పారతో మట్టిగడ్డతో సహా లేపి, నీళ్ళలో నానబెట్టి వేరు కడగండి. పీకితే వేరు మీది బుడిపెలు, అంటే గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా ఉండే గడ్డలు, మట్టిలోనే ఉండిపోతాయి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. తెల్లగా ఉన్నా, అసలు బుడిపెలే లేకపోయినా మొక్కకు నత్రజని అందడం లేదు.

భూసార పరీక్ష చేయించారా? మీ ఉత్తరంలో గింజల ధర ఉంది, మందు ధర ఉంది, మట్టి ఊసే లేదు. ఎకరంలో 15 చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి, కలిపి, మీ కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో ఇవ్వండి. జార్జియా విశ్వవిద్యాలయం ప్రయోగశాల మీ ఏథెన్స్‌లోనే ఉంది. సున్నం ఎకరాకు టన్నా, రెండు టన్నులా అన్నది ఆ నివేదిక చెప్పాలి, దుకాణదారు కాదు. నివేదిక రాగానే వ్యవసాయ సున్నం చల్లి దున్నండి, పని చేయడానికి నెలలు పడుతుంది. భాస్వరం, పొటాష్ కూడా నివేదిక ప్రకారమే.

విత్తడం సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 లోపు. మీరు ఆలస్యం చేశారు. ఎకరాకు ఓట్స్ 25 కిలోలు అంగుళం లోతున వేసి, నేల చదును చేశాక క్రిమ్సన్ క్లోవర్ 6 కిలోలు, తెల్ల క్లోవర్ 2 కిలోలు పైన చల్లి రోలర్ తిప్పండి. క్లోవర్ గింజ పావంగుళానికి మించి లోతుకు పోకూడదు. గింజకు క్లోవర్ రైజోబియం (ఆ బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా) పట్టించి అదే రోజు విత్తండి. అలసందల రైజోబియం దీనికి పనికిరాదు. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి, ఎండలో ఉంచకండి.

లాబ్‌లాబ్ అంటే మరేమీ కాదు, చిక్కుడు జాతికి చెందిన మన అనపకాయే. కొమ్ముల జింక బొమ్మ వేసిన సంచిలో పోసి అమ్ముతున్నారు. ఎకరం చెలకలో అనపలు గానీ అలసందలు గానీ వేస్తే నాలుగాకులు రాకముందే మేసిపోతాయి. విద్యుత్ కంచె వేయలేకపోతే ఈ వేసవికి మానుకోండి.

ఆకర్షణ పొడి కొనకండి. మొక్కజొన్న కుప్పలూ పోయకండి. బూజు పడితే అఫ్లాటాక్సిన్ చేరుతుంది, వేరుశనగ రైతులకు దీని సంగతి బాగా తెలుసు. పైగా జింకలన్నీ ఒకే కుప్పలో మూతి పెడితే మెదడును తినేసే క్షీణవ్యాధి వ్యాపించే అవకాశం పెరుగుతుంది. మీ రాష్ట్రంలో అది మొదటిసారి 2025 జనవరిలో లానియర్ కౌంటీలో బయటపడింది.

మట్టి నివేదిక వచ్చాక దాని ఫోటో పంపండి. గింజల సంచి ఫోటో అక్కర్లేదు.