ఎలుకల మీద జాలి ఉంటే టాక్సికాలజీకి పనికిరానా?

ప్రశ్న: బీఫార్మసీ చివరి ఏడాది చదువుతున్నాను. ఒక మొక్క నుంచి తీసిన సుగంధ తైలం సురక్షితమో కాదో ఎలుకల మీద పరీక్షించే ప్రాజెక్టు ఇచ్చారు. జాలి, టెన్షన్ రెండూ ఉన్నాయి. పదార్థాల విషప్రభావాలను పరిశీలించే ఈ టాక్సికాలజీ దారిలో వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. జాలి ఈ పనికి అడ్డు కాదు, అవసరం. నోటి ద్వారా తీవ్ర విషప్రభావం చూసేందుకు ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 423వ నంబరు పద్ధతిలో ఒక్కో దశకు మూడే జంతువులు, మామూలుగా ఆడ ఎలుకలు. కిలో శరీర బరువుకు 5, 50, 300, 2000 మిల్లీగ్రాముల మోతాదుల్లో ఒకదానితో మొదలుపెడతారు. తైలం ఇచ్చాక మొదటి 4 గంటలు మరీ జాగ్రత్తగా, మొత్తం 14 రోజులు గమనిస్తారు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, వణుకు ఉందా, మందకొడిగా పడి ఉందా అని చూసేది మీ కళ్లే. జంతువు తీవ్రంగా బాధపడుతుంటే గడువు దాకా ఆగకుండా, నొప్పి తెలియకుండా ప్రాణం తీయాలి. జాలి ఉన్నవాళ్లే ఆ బాధను త్వరగా గుర్తిస్తారు.

భయం మాత్రం తగ్గించుకోవాలి. నోట్లోంచి తైలం పోసే గొట్టం పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతే ఎలుక చనిపోతుంది. దాన్ని తైలం వల్ల జరిగిన చావుగా రాస్తే ఫలితం మొత్తం తప్పవుతుంది. చెయ్యి కుదిరేదాకా అనుభవజ్ఞుల పక్కనే నేర్చుకోండి.

ఇంకో మాట. మొక్కది కదా, హాని ఉండదులే అనుకోకండి. పుదీనా జాతి మొక్క పెన్నీరాయల్ తైలంలో ఉండే పులెగోన్ అనే రసాయనం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పైగా ఒకే మొక్క తైలంలోనూ కోసిన కాలాన్ని బట్టి, వాడిన భాగాన్ని బట్టి రసాయనాలు మారతాయి. అందుకే తైలంలో ఏ రసాయనాలున్నాయో చూపే జీసీ-ఎంఎస్ పరీక్ష ముందు చేయించండి. లేకపోతే మీరు పరీక్షించింది దేన్నో ఎవరికీ తెలియదు.

తర్వాత ఫార్మకాలజీలో ఎంఫార్మసీ గానీ, టాక్సికాలజీలో ఎమ్మెస్సీ గానీ చేయవచ్చు. మందులు, పురుగుమందుల భద్రత పరీక్షించే ల్యాబుల్లో ఉద్యోగాలుంటాయి. అక్కడ జీఎల్‌పీ అనే ల్యాబు నాణ్యతా నియమాల ప్రకారం రికార్డులు రాయడం వచ్చినవాళ్లకు విలువ ఎక్కువ.

ప్రయత్నించినా మనసు ఒప్పకపోతే, పెంచిన మానవ చర్మ కణజాలం మీద చికాకు పరీక్షించే ఓఈసీడీ 439 లాంటి పద్ధతులున్నాయి. జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2013లో పూర్తిగా నిషేధించాక వీటి అవసరం పెరిగింది. ప్రాజెక్టుకు ఒప్పుకునే ముందు ఒక రోజు జంతుశాలకు వెళ్లి, పని దగ్గరుండి చూడండి. ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందో లేదో గైడ్‌ను అడగండి. వద్దనిపిస్తే ఎలుకలు రాకముందే చెప్పేయండి.